వస్తువును చూపి అక్షరము నేర్పిన కొమీనియసు

1658వ సంవత్సరమున జర్మనీలోని నూరెంబర్గు నగరమున ఎండ్టర్ అను ముద్రాపకుడు బాలుర కొరకు ఒక చిన్న పుస్తకమును ప్రకటించెను. దాని పేరు ‘ఆర్బిస్ సెన్సువాలియం పిక్టస్’. ఇంద్రియములకు గోచరించు లోకమునకు చిత్రరూపమని దాని అర్థము. అందు 150 ప్రకరణములు కలవు. ప్రతి ప్రకరణమునకును పైభాగమున ఒక బొమ్మ. బొమ్మలోని వస్తువులకు అంకెలు. క్రింద లాటినులోను జర్మను భాషలోను చిన్నచిన్న వాక్యములు. వాక్యములలోని మాటల ప్రక్కన మరల అవే అంకెలు. రొట్టె చేయువానిని గూర్చిన ప్రకరణమున పిండిని జల్లించుట, తొట్టిలో పోసి నీటితో కలుపుట, పిసుకుట, ముద్దలు చేయుట, పొడుగు పిడిగల చెక్కపై నుంచి పొయ్యిలోనికి నెట్టుట క్రమముగా వచ్చును. బాలుడు బొమ్మలో జల్లెడను చూచును. దాని అంకెను పట్టుకొని వాక్యములోనికి దిగును. అచ్చట ఆ మాటను చదువును. ప్రపంచజ్ఞానమునకు ఒక గంట, అక్షరజ్ఞానమునకు ఒక గంట అను విభజన ఆ పుస్తకమునకు తెలియదు.

దానిని వ్రాసినవాడు యాన్ ఆమోస్ కొమెన్‌స్కీ. పండితలోకము ఎరిగిన లాటిను పేరు కొమీనియసు. శిక్షణ కళాశాలలలో పరీక్షకై కంఠస్థము చేయు పేర్ల వరుసలో పెస్టాలజీ, ఫ్రోబెల్ అను వారికంటె ముందు వచ్చు పేరు ఇది. ఆయన జీవితమంతయు పోరాడినది అట్టి కంఠస్థముతోనే యగుట విచిత్రము.

కొమీనియసు 1592 మార్చి 28వ తేదీన మొరేవియాలో, అనగా నేటి చెక్ దేశములోని తూర్పు భాగమున, జన్మించెను. ఆయన కుటుంబము ఐక్య సహోదరులను చిన్న క్రైస్తవ సంఘమునకు చెందినది. పండ్రెండేండ్లు నిండు నాటికే తలిదండ్రులిద్దరును గతించిరి. ప్షెరోవు పట్టణములోని లాటిను పాఠశాలలో చేరునప్పటికి ఆయనకు పదునారేండ్లు. ఆనాటి పాఠశాలలలో లాటిను వ్యాకరణసూత్రములను అర్థము తెలియకమునుపే వల్లింపజేయుట, తప్పినచో కొట్టుట ఆచారము. చిన్నపిల్లలు ఏమియు ఎరుగక భరించుదానిని ఈ అనాథ బాలుడు బుద్ధి తెలిసిన వయసులో చూచెను. ఆలస్యముగా బడిలో చేరుట ఆయనకు నష్టమే. విద్యాలోకమునకు మాత్రము లాభమని చెప్పవలెను.

తరువాత జర్మనీలోని హెర్బార్న్, హైడెల్‌బర్గు నగరములలో చదివెను. 1614లో హైడెల్‌బర్గున ఉండగా కోపర్నికసు స్వహస్తముతో వ్రాసిన ఖగోళగ్రంథపు మూలప్రతి అమ్మకమునకు రాగా, దానిని కొనెను. ఆ ప్రతి నేడు పోలెండులోని క్రకోవు నగరమున భద్రముగా నున్నది. సూర్యుని చుట్టు భూమి తిరుగుచున్నదను సిద్ధాంతమును మాత్రము కొమీనియసు అంగీకరింపలేదు. గెలీలియో దూరదర్శినితో ఆకాశమును చూచిన యేబది ఏండ్లకు వెలువడిన ఆర్బిస్ పిక్టస్ గ్రంథమున కూడ భూమి నడుమ నిలిచియే యున్నది, ఆకాశమే తిరుగుచున్నది. కన్ను చూచినదానినే నమ్మవలెనని బోధించిన గురువును కన్నే మోసగించెను.

స్వదేశమునకు వచ్చి ఉపాధ్యాయుడుగను, 1618 నుండి ఫుల్నెక్ పట్టణమున మతగురువుగను పనిచేయుచుండగా ఉపద్రవము వచ్చెను. 1620లో ప్రేగు నగరమునకు సమీపమున జరిగిన తెల్లకొండ యుద్ధమున చెక్ ప్రొటెస్టంటులు ఓడిపోయిరి. కొమీనియసు అజ్ఞాతవాసమునకు వెడలెను. 1622లో భార్యయు ఇద్దరు బిడ్డలును మహమ్మారికి బలియైరి. మరుసటి యేడు ఫుల్నెక్‌లో ఆయన పుస్తకములను తగులబెట్టిరి. 1628లో దేశమునే విడిచి పోలెండులోని లెష్నో పట్టణమును చేరెను. మరల ఆయన స్వదేశమున నివసింపలేదు.

లెష్నోలో బడిపంతులుగా నుండుచు, తోటి ప్రవాసులు తిరిగి ఇల్లు చేరిన దినమున దేశమును విద్యచే నిలబెట్టవలెనను ఆశతో గ్రంథరచనకు పూనుకొనెను. తల్లులకొరకు ఒక చిన్న పుస్తకము వ్రాసెను. ఆరేండ్లలోపు శిశువు బడికి పోకయే శాస్త్రములన్నింటికిని బీజములు సంపాదింపగలడని అందలి సారము. నీరు, మన్ను, వాన, మంచు, రాయి అను వానిని గుర్తించుట ప్రకృతిశాస్త్రము. వెలుగును చీకటిని ఎరుగుట దృక్శాస్త్రము. సూర్యచంద్రులను చూపుట ఖగోళము. తానున్న ఊరేదో ఎరుగుట భూగోళము. తల్లియే తొలి శాస్త్రోపాధ్యాయిని.

1631లో వెలువడిన ‘యానువా’ అను లాటిను వాచకము ఆయనకు ఐరోపా అంతట ఖ్యాతి తెచ్చెను. సుమారు ఎనిమిదివేల మాటలను వేయి వాక్యములలో కూర్చి, ఆ వాక్యములను విషయానుసారముగా నూరు ప్రకరణములుగా అమర్చెను. నిప్పు, నీరు, చెట్లు, దేహము, చేతివృత్తులు, వీనిని గూర్చి చదువుచుండగనే భాష వచ్చును.

వీటికి వెనుకనున్న సిద్ధాంతమును ‘బృహద్బోధనశాస్త్రము’ అను గ్రంథమున వివరించెను. ముందు వస్తువు, పిదప మాట. బాలురకును బాలికలకును, పేదలకును ధనికులకును మొదటి ఆరేండ్ల బడి మాతృభాషలోనే. ఇవి అందలి ప్రధానాంశములు. ఉపాధ్యాయులను తయారుచేయు శిక్షణాలయములు ఆనాడు లేవనియే చెప్పవచ్చును. అందుచే విద్యార్థికి వాచకము వ్రాసినంత మాత్రమున చాలదనియు, దానిని ఎట్లు చెప్పవలెనో ఉపాధ్యాయునికి తెలుపు గ్రంథము వేరుగా ఉండవలెననియు కొమీనియసు పట్టుబట్టెను. బోధనను అచ్చుపనితో పోల్చి, విద్యార్థి కాగితమనియు ఉపాధ్యాయుని కంఠధ్వని సిరా యనియు చెప్పిన ఉపమానము మాత్రము నేటివారికి రుచింపదు. కాగితము ప్రశ్నింపదు గదా! సామాన్యుడైన ఉపాధ్యాయుడు కూడ చక్కగా బోధింపగల మార్గమును వెదకుటయే ఆయన ఉద్దేశము.

1641లో ఇంగ్లండునకు ఆహ్వానము వచ్చెను. విద్వాంసులు కలసి పనిచేయు ఒక మహాసంస్థను స్థాపింపవలెనను ఆలోచన నడుచుచుండగా అచ్చట అంతర్యుద్ధము వచ్చిపడెను. 1642లో హాలెండున డెకార్టును కలసికొని స్వీడను వెళ్లి, స్వీడనువారి కొరకు పాఠ్యగ్రంథములు వ్రాయుచు ఆరేండ్లు గడపెను. 1648లో ముప్పదేండ్ల యుద్ధమును ముగించిన సంధి ఆయన స్వదేశమును పాత ప్రభువులకే విడిచెను. ఇల్లు చేరు ఆశ అంతటితో ముగిసెను.

1650లో హంగరీలోని షారోష్‌పటక్ పట్టణమునకు పాఠశాలను సంస్కరించుటకై పోయెను. ఏడు తరగతులు పెట్టవలెనని సంకల్పించెను, నెలకొన్నవి మూడే. పిల్లలచేత నాటకములాడించి ప్రకృతిని, మానవదేహమును, వృత్తులను వారి నోటనే చెప్పించెను. ఆర్బిస్ పిక్టస్ రూపొందినది ఇచ్చటనే. అక్కడ బొమ్మలు చెక్కు నిపుణులు లేకపోవుటచే వ్రాతప్రతి నూరెంబర్గునకు పోయి, కొన్నేండ్లకు అచ్చయి వచ్చెను.

ఆ పుస్తకపు అక్షరమాల చూడదగినది. మన బాలశిక్షలలో అక్షరమునకు అది మొదటనున్న మాటను చూపుదురు. కొమీనియసు అట్లు చేయక, అక్షరమునకు ఒక ప్రాణి అరపును జతచేసెను. కాకి కూత ఒక అక్షరము, గొఱ్ఱెపిల్ల అరపు ఒకటి, పాము బుసకొట్టుట ఒకటి, గాలి వీచు ధ్వని వేరొకటి. అక్షరము పేరు వల్లింపక, వినిన ధ్వనిని తానును పలుకుచు బాలుడు చదువులోనికి ప్రవేశించును. పీఠికలో మరొక సూచన కలదు. రంగులు, రుచులు సిరాతో చూపనలవి కావు. కనుక పెద్ద పాఠశాలలలో అరుదైన వస్తువులను సేకరించి ఉంచి, పాఠము చెప్పునపుడు చూపవలెను. బొమ్మ వస్తువునకు బదులు వచ్చినదే గాని వస్తువు కాదని ఆయన ఎన్నడును మరువలేదు.

ఉపాధ్యాయులు మరచిరి. పుస్తకము వచ్చిన మరుసటి యేడే, 1659లో, చార్లెస్ హూల్ అను లండను ఉపాధ్యాయుడు దానిని ఇంగ్లీషులోనికి తెచ్చెను. క్రమముగా అనేక భాషలలోనికి పోయినది. బాల్యమున గేటే మహాకవియు దానిని చదివెను. కాని వస్తువును తెచ్చి చూపు శ్రమకంటె అంకెల ప్రక్కనున్న లాటిను మాటలను అప్పగింపుమనుట తేలిక. పెక్కు బడులలో జల్లెడయు పొయ్యియు మరల వల్లించు పదముల పట్టికయే అయ్యెను. ఈ దోషము కొంత గ్రంథకర్తదే. ఆయనయు లాటినునే గమ్యముగా పెట్టుకొనెను గనుక, లోకమును చూపు కిటికీ చివరకు లాటినునకు తలుపయ్యెను.

1656లో లెష్నో యుద్ధమున దగ్ధమైనది. నలువది ఏండ్లకు పైగా కూర్చుచు వచ్చిన చెక్ భాషా నిఘంటువు ఆ మంటలో పోయినది. అరువదినాలుగేండ్ల వృద్ధుడు ఆమ్‌స్టర్‌డాము చేరెను. మరుసటి యేడు ఆ నగరమువారు తమ ఖర్చుపై ఆయన బోధనగ్రంథములన్నిటిని అచ్చువేయించిరి. 1670 నవంబరు 15న కొమీనియసు మరణించెను. సమీపమున నార్డెన్ పట్టణపు దేవాలయములో ఖననము చేసిరి. మనుష్యులందరికిని, పుట్టుక నుండి మరణము వరకు విద్య కావలెనని ప్రతిపాదించు ఆయన చివరి మహాగ్రంథము ముగియలేదు. దాని వ్రాతప్రతి జర్మనీలోని హాలే నగరమున ఒక అనాథాశ్రమపు గ్రంథభాండారమున పడియుండి, 1930ల నడుమ బయటపడెను. 1966లో ప్రేగు నగరమున అచ్చయ్యెను.