పార్కింగ్ మీటరు వెనుక మనిషి: కార్ల్ మెగీ

డౌన్‌టౌన్‌కి బయల్దేరే ముందు కారులో క్వార్టర్ల కోసం సీట్ల సందులన్నీ వెతుక్కున్న రోజులు మనలో చాలామందికి గుర్తే. ఇప్పుడు యాప్‌లో కడుతున్నాం గానీ, తిట్టుకోవడం మానలేదు. ఆ తిట్లన్నీ చేరవలసిన మనిషి పేరు కార్ల్ మెగీ (1872–1946).

మెగీ ఇంజనీరు కాదు. ఓక్లహామా రాష్ట్రంలోని టల్సాలో లాయరు. భార్యకి ఊపిరితిత్తుల జబ్బు చేస్తే, పొడిగాలి మంచిదని న్యూమెక్సికోలోని ఆల్బకర్కీకి మకాం మార్చి, అక్కడ పత్రిక పెట్టాడు. అప్పట్లో ఆ రాష్ట్రంలో ఆల్బర్ట్ ఫాల్ మాటకి తిరుగులేదు. సెనేటరుగా ఉండి, 1921లో కేంద్రంలో ఇంటీరియర్ సెక్రటరీ అయ్యాడు. ఏళ్ళ తరబడి పన్నులే కట్టని ఫాల్ గారి రాంచ్ ఉన్నట్టుండి కళకళలాడటం మెగీ గమనించాడు. 1923లో సెనేట్ కమిటీ ముందు ఆ సంగతే చెప్పాడు. అదే టీపాట్ డోమ్ కుంభకోణం. నేవీ చమురు భూముల లీజుల్లో లంచం తిన్న ఫాల్ 1931లో జైలుకెళ్ళాడు. పదవిలో ఉండగా చేసిన నేరానికి జైలుపాలైన మొదటి అమెరికన్ మంత్రి ఆయనే.

దీనికి మెగీ చెల్లించిన మూల్యం తక్కువేమీ కాదు. కేసులు, శిక్షలు, గవర్నరు క్షమాభిక్షలు. 1925లో లాస్ వేగస్‌లో (కాసినోల ఊరు కాదు, న్యూమెక్సికోలో అదే పేరుతో ఉన్న చిన్న పట్నం) ఒక హోటల్లో, తనని శిక్షించిన మాజీ జడ్జి డేవిడ్ లేహీ మీదపడి కొడుతుంటే మెగీ పిస్తోలు పేల్చాడు. అడ్డుపడి కాపాడబోయిన మనిషి ఆ తూటాకి చనిపోయాడు. కోర్టు మెగీని నిర్దోషి అంది. పోయిన ప్రాణం మాత్రం తిరిగి రాలేదు.

1927లో ఓక్లహామా సిటీకి ఎడిటరుగా వచ్చాడు. అక్కడి ఛేంబర్ ఆఫ్ కామర్స్ ట్రాఫిక్ గొడవ ఆయనకి అప్పగించింది. డౌన్‌టౌన్ ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళు పొద్దున్నే వచ్చి కర్బ్ పక్కన కారు పెడితే సాయంత్రం దాకా కదిలించేవారు కాదు. కొట్టుకొచ్చే బేరానికి చోటు లేదు. పోలీసులు టైర్ల మీద సుద్దముక్కతో గీత పెట్టి ఎందరి వెంట తిరుగుతారు?

మెగీకి ఆలోచన ఉంది, యంత్రం చేయడం రాదు. ఓక్లహామా ఎ అండ్ ఎం కాలేజీలో ఇంజనీరింగ్ విద్యార్థులకి పోటీ పెట్టించాడు. చివరికి అక్కడి ప్రొఫెసర్ థూసెన్, జెరాల్డ్ హేల్ కలిసి పనిచేసే మీటరు తయారుచేశారు. గడియారం ముల్లూ, స్ప్రింగూ, నాణెం పడే సందూ, అంతే. సాఫ్ట్‌వేర్ వాళ్ళం ఒక టైమర్‌కి ఎన్ని వేల లైన్ల కోడ్ రాస్తామో తలుచుకుంటే సిగ్గేస్తుంది.

1935 జూలై 16న ఫస్ట్ స్ట్రీట్, రాబిన్సన్ అవెన్యూ మూల మీద మొదటి మీటరు వెలిసింది. గంటకి ఐదు సెంట్లు, ఇప్పటి లెక్కలో డాలరు పైచిలుకు. కర్బ్ పొడుగునా ఇరవై అడుగులకొకటి.

జనం మండిపడ్డారు. అందరి రోడ్డుకి అద్దె ఏమిటని వాళ్ళ ప్రశ్న, న్యాయమైనదే. 1937లో అలబామా సుప్రీంకోర్టు బర్మింగ్‌హామ్ మీటర్లు చెల్లవంది. అయితే దుకాణాల వాళ్ళకి లాభం కనిపించింది. చోటు ఖాళీ అవుతోంది, కొత్త బేరం వస్తోంది.

నా లెక్కలో అసలు విషయం ఇక్కడే ఉంది. మెగీకి కావలసింది ఆ ఐదు సెంట్లు కాదు, కారు కదలడం. తరవాత చాలా నగరాలు మీటరుని హుండీలా చూశాయి. రద్దీ ఉన్న వీధికీ లేని వీధికీ ఒకటే రేటు పెట్టి కూర్చున్నాయి. 2011లో శాన్‌ఫ్రాన్సిస్కో ఎస్‌ఎఫ్‌పార్క్ అనే ప్రయోగంలో ప్రతి బ్లాకులో ఒకటో రెండో చోట్లు ఖాళీగా ఉండేలా రేట్లు పెంచుతూ, తగ్గిస్తూ వచ్చింది. మెగీ వదిలిన పనే అది. ఈమధ్య ఆ కర్బ్ కోసం అమెజాన్ వ్యాన్లు, ఊబర్లు, సైకిల్ లేన్లు, ఫుట్‌పాత్ హోటళ్ళు కూడా పోటీ పడుతున్నాయి.

మెగీ 1946 ఫిబ్రవరిలో పోయాడు. ఆయన మొదటి మీటరు ఓక్లహామా హిస్టారికల్ సొసైటీ దగ్గర భద్రంగా ఉంది. అటువైపు వెళ్తే చూసి రండి. కారు ఎక్కడ పెట్టాలో మాత్రం నన్నడక్కండి.