ప్రధాన సంఖ్యల వెంట: శ్రీనివాస రామానుజన్

7ను 1తోను, 7తోను తప్ప మరే సంఖ్యతోను శేషం లేకుండా భాగించలేం. 1 కంటే పెద్దవైన ఇలాంటి సంఖ్యలను ప్రధాన సంఖ్యలు అంటారని మీకు తెలుసు. 2, 3, 5, 7, 11, 13... ఇవి ఒక వరుస లేకుండా వస్తున్నట్లు కనిపిస్తాయి. వీటి లెక్క తేల్చాలని తపించిన ఒక వ్యక్తి జీవితాన్ని ఇప్పుడు తెలుసుకుందాం.

శ్రీనివాస రామానుజన్ 1887 డిసెంబరు 22న ఈరోడ్‌లో జన్మించారు. కుంభకోణంలో పెరిగారు. తండ్రి బట్టల దుకాణంలో గుమాస్తా. 1903లో కొన్ని వేల గణిత ఫలితాలున్న ఒక ఇంగ్లీషు పుస్తకం రామానుజన్ చేతికి వచ్చింది. అందులో నిరూపణలు చాలా క్లుప్తంగా ఉన్నాయి. ఆయన గురువు లేకుండానే వాటిని సాధించారు. ఆ ధ్యాసలో మిగిలిన పాఠాలు వెనకబడ్డాయి. ఇంగ్లీషులో తప్పడంతో కళాశాలలో ఉపకార వేతనం పోయింది. 1905లో ఇంట్లో చెప్పకుండా విశాఖపట్నం వెళ్ళిపోయారు. తరువాత మద్రాసులో చదివినా ఎఫ్.ఏ. పరీక్ష గట్టెక్కలేదు.

పట్టా లేదు, ఉద్యోగం లేదు. 1910లో నోటు పుస్తకాలు పట్టుకొని నెల్లూరు కలెక్టరు రామచంద్రరావును కలుసుకున్నారు. గణితం తెలిసిన ఆ అధికారి నెలకు 25 రూపాయలు ఇచ్చి ఆదుకున్నారు. 1912లో మద్రాసు పోర్టు ట్రస్టులో 30 రూపాయల జీతానికి గుమాస్తాగా చేరారు.

1913 జనవరిలో రామానుజన్ కేంబ్రిడ్జిలోని ఆచార్య హార్డీకి ఉత్తరం రాశారు. ఏ సంఖ్య లోపల ఎన్ని ప్రధాన సంఖ్యలున్నాయో దాదాపు ఖచ్చితంగా చెప్పే సూత్రం తన దగ్గర ఉందని తెలిపారు. చిన్న సంఖ్యల వద్ద ఆ సూత్రం చక్కగా సరిపోయింది. కాని సంఖ్యలు బాగా పెద్దవయ్యే కొద్దీ, తేడా ఆయన అనుకున్నంత తక్కువగా ఉండదు. ఎన్ని ఉదాహరణలు సరిపోయినా అది నిరూపణ కాదు. ఒంటరిగా చదువుకున్న ఆయనకు ఈ సంగతి చెప్పేవారు అంతవరకు లేరు. అయినా ఆ ఉత్తరంలోని ప్రతిభను హార్డీ గుర్తించారు.

1914లో రామానుజన్ ఇంగ్లండు వెళ్ళారు. నిరూపణ పద్ధతులను అక్కడ నేర్చుకున్నారు. ఎక్కువ కారణాంకాలు గల సంఖ్యలపై పరిశోధనకు 1916లో పట్టా పొందారు. 1918లో రాయల్ సొసైటీ సభ్యులయ్యారు. 1919లో మళ్ళీ ప్రధాన సంఖ్యల వైపు వచ్చారు. 1 కంటే పెద్దదైన ఏ సంఖ్యను తీసుకున్నా, దానికీ దాని రెట్టింపునకూ మధ్య కనీసం ఒక ప్రధాన సంఖ్య ఉంటుంది. రష్యా గణితవేత్త చెబిషెవ్ అంతకు ముందే నిరూపించిన ఈ విషయాన్ని రామానుజన్ రెండు పేజీలలో, కొత్త మార్గంలో నిరూపించారు. ఈసారి లోపం లేదు.

ఆరోగ్యం చెడి స్వదేశానికి వచ్చిన రామానుజన్ 1920 ఏప్రిల్ 26న, 32 ఏళ్ళ వయసులో మరణించారు.

2024లో కంప్యూటర్ల సహాయంతో 4 కోట్ల 10 లక్షలకు పైగా అంకెలున్న ప్రధాన సంఖ్యను కనుగొన్నారు. దానికీ దాని రెట్టింపునకూ మధ్య కూడా మరో ప్రధాన సంఖ్య ఉండి తీరుతుంది. ఆ మాట చెప్పడానికి వెతకనవసరం లేదు, నిరూపణ చాలు.

మీరే చేసి చూడండి: 50కి, 100కి మధ్య ఉన్న ప్రధాన సంఖ్యలను రాయండి. మొత్తం 10 వచ్చాయా? తక్కువ వస్తే ఎక్కడ పొరపాటు జరిగిందో వెతకండి. పొరపాటును దిద్దుకోవడం కూడా చదువులో భాగమే.