అడాల్ఫ్ సాక్స్

గోదావరి నడుమ పట్టిసీమలో వీరభద్రస్వామి వెలసియున్నాడు. ఆ తీరగ్రామములలో పెండ్లి ఊరేగింపు సాగునపుడు సన్నాయితోపాటు బ్యాండుమేళము కూడ వినవచ్చుట కలదు. ఆ మేళములోని ఇత్తడి వాద్యములు కొన్నింటికి రూపము దిద్దిన శిల్పి వేరొక నదీతీరమున పుట్టినవాడు. అతడే అడాల్ఫ్ సాక్స్.

సాక్స్ 1814వ సంవత్సరము నవంబరు 6వ తేదీన, నేటి బెల్జియము దేశమందలి దినాన్ పట్టణమున, మ్యూజ్ నది ఒడ్డున జన్మించెను. తండ్రి వాద్యములు చేయుటలో నేర్పరి. బాల్యమున సాక్స్‌కు గండములు పెక్కు. మేడమీదినుండి పడెను, మందుగుండు ప్రేలి ఒడలు కాలెను, నదిలో మునిగి చావు తప్పించుకొనెను. ఈ బాలుడు బ్రతుకడని ఇరుగుపొరుగువారు తలచిరట. కాని అతడు బ్రతికి, తండ్రి కర్మాగారమున పనిముట్లు పట్టుట నేర్చెను. వేణువును, క్లారినెట్టును వాయించుటయు అభ్యసించెను.

ఆ కాలపు ఇత్తడి వాద్యములలో ఒక లోపము కలదు. పెదవులు అదరుటచే గొట్టములోని గాలి కంపించి నాదము పుట్టును. గొట్టము పొడవు మారనిచో కొన్ని స్వరములే పలుకును. మీటలు నొక్కి గాలిని అదనపు గొట్టములలోనికి మళ్లించు ఉపాయమును జర్మనులు 1818 నాటికే కనుగొనిరి. అయినను వాద్యములు తలకొక తీరున నుండుటచే మేళమునకు పొందిక కుదరకుండెను. 1842లో పారిస్ నగరము చేరిన సాక్స్, చిన్నది మొదలు పెద్దదానివరకు ఒకే పోలికగల మీటల కొమ్ములను తయారుచేసెను. అవియే సాక్స్‌హార్నులు. ఒకదానిని నేర్చినవాడు తక్కినవానిని సులభముగా వాయింపగలడు.

పాత వాద్యములా, క్రొత్త వాద్యములా అను వివాదము బయలుదేరెను. 1845 ఏప్రిలు 22వ తేదీన పారిస్‌లోని విశాలమైన మైదానమున రెండు మేళములకు పోటీ జరిగెను. వేలకొలది జనులు మూగిరి. సాక్స్ పక్షమున వాయింపవలసినవారు కొందరు రానేలేదు. ఉన్నవారితోనే అతడు పోటీకి నిలిచి ప్రజల మెప్పు పొందెను. ఆ యేడే ఫ్రెంచి సేన అతని వాద్యములను స్వీకరించెను. మరుసటి యేట, ఇత్తడి దేహమునకు క్లారినెట్టు వలె రెల్లుపీకను అమర్చిన సాక్సోఫోనుకు అతడు పేటెంటు పొందెను.

విజయము వెంట కష్టములును వచ్చెను. ఇతర వాద్యనిర్మాతలు అతని పేటెంట్లు చెల్లవని ఏండ్ల తరబడి వ్యాజ్యములు నడిపిరి. 1852లో అతడు దివాలా తీసెను. పిమ్మట పెదవిపై కంతి లేచి కొన్ని సంవత్సరములు బాధించెను. అది మానెను, అతడు మరల పనికి పూనుకొనెను. 1857 నుండి పారిస్ సంగీత విద్యాలయమున సాక్సోఫోను బోధించెను; 1870లో ఆ తరగతి మూతపడెను. 1873లోను, 1877లోను తిరిగి దివాలా తప్పలేదు. తాను ప్రీతితో కూర్చిన వాద్యముల సేకరణయు వేలమునకు పోయెను. 1894లో పారిస్‌లో పేదవాడుగనే కన్నుమూసెను.

అతని వాద్యములు మాత్రము ఆగలేదు. ఇంగ్లండులోని గనికార్మికులును, మిల్లుపనివారును సాక్స్‌హార్నులతో మేళములు కూర్చుకొనిరి. ఆంగ్ల సేనల వెంట బ్యాండు భారతదేశమునకు వచ్చి, క్రమముగా పెండ్లిపందిళ్లకు చేరెను. కర్ణాటక రాష్ట్రమునకు చెందిన కద్రి గోపాల్‌నాథ్ (1949–2019) సాక్సోఫోనుపై త్యాగరాజ కృతులను పలికించి కీర్తి గడించెను. సాక్స్ ధనమును నిలుపుకొనలేకపోయెను. పూనిన పనిని మాత్రము ఏ కష్టము వచ్చినను విడువలేదు. అందుచేతనే అతని పేరు ఒక వాద్యమునకు పేరై నిలిచినది.