విలియం కింగ్ జీవితం – మన లోయ రాళ్ల కథ



మన గోడ పత్రికలో ఇంతవరకు కొమురం భీం, అల్లూరి సీతారామరాజు వంటి వీరుల జీవితాలు చదివాము. ఈసారి కొంచెం వేరే మనిషి గురించి రాస్తున్నాము. ఈయన యుద్ధం చేయలేదు. మన దేశం వాడు కూడా కాదు. చేతిలో ఒక సుత్తి పట్టుకొని మన కొండలు, వాగులు తిరిగి రాళ్లు కొట్టి చూసినవాడు. పేరు విలియం కింగ్. సింగరేణి బొగ్గు గురించి మొట్టమొదట కాగితం మీద రాసింది ఈయనే.

మన కారేపల్లి స్టేషన్ దగ్గర రైలు పట్టాలు రెండు దారులుగా చీలిపోతాయి కదా. ఒకటి ఇల్లందుకు పోతుంది, ఇంకొకటి కొత్తగూడెం వైపు పోతుంది. ఈ పట్టాలు ఎందుకు వేశారు అని అడిగితే చిన్న తరగతి పిల్లవాడు కూడా బొగ్గు కోసం అని చెప్తాడు. సరే, మరి బొగ్గు ఇల్లందులో ఎందుకుంది? ఖమ్మంలో ఎందుకు లేదు? ఈ ప్రశ్న అడిగితే పెద్దవాళ్లు కూడా ఆలోచనలో పడతారు. ఆ ప్రశ్నకు జవాబు వెతకడమే కింగ్ గారి పని.

ఆయన తండ్రి పేరు కూడా విలియం కింగే. తండ్రి 1849 నుంచి ఐర్లాండ్ దేశంలో గాల్వే అనే ఊరి కాలేజీలో ప్రొఫెసర్. రాళ్లు, శిలాజాలే ఆయన చదువు. శిలాజం అంటే రాయిగా మారిపోయిన పాతకాలపు ప్రాణి గానీ ఆకు గానీ. జర్మనీలో నియాండర్ లోయ అనే చోట దొరికిన ఎముకలు చూసి, ఇది మనలాంటి మనిషి కాదు, వేరే పాత జాతి మనిషి అని చెప్పి, 1864లో అచ్చైన వ్యాసంలో దానికి నియాండర్తల్ మానవుడు అనే శాస్త్రీయ నామం పెట్టింది ఆ తండ్రే. కొడుకు కూడా తండ్రి దారే పట్టాడు.

మన దేశంలో 1851లో భారత భూవిజ్ఞాన సర్వే సంస్థ మొదలైంది. ఇంగ్లీషు ప్రభుత్వానికి ఎక్కడ బొగ్గు ఉంది, ఎక్కడ ఇనుము ఉంది తెలియాలి. అందుకోసం పెట్టిన ఆఫీసు అది. చిన్న కింగ్ 1857లో అందులో ఉద్యోగంలో చేరాడు. మద్రాసు వైపు పని ఇచ్చారు.

ఆ పని ఎట్లా ఉండేదో కొంచెం చెప్పుకోవాలి. వానాకాలం అంతా ఆఫీసులో కూర్చొని రాతపని. చలికాలం రాగానే డేరాలు, సామాన్లు ఎత్తుకొని అడవికి పోవాలి. ఎండలు ముదిరేవరకు నడకే నడక. సుత్తి, దిక్సూచి, భూతద్దం, నోటుబుక్కు – ఇవే పనిముట్లు. రాయి కనబడితే కొట్టి లోపలి ముఖం చూడాలి. పొర ఎటువైపు వాలి ఉందో కొలవాలి. మ్యాపు మీద రంగు వేయాలి. మలేరియా జ్వరం, పులి భయం అన్నీ ఉన్న రోజులు.

1863 సెప్టెంబరులో ఆయన, తోటి ఉద్యోగి రాబర్ట్ బ్రూస్ ఫుట్ కలిసి మద్రాసు దగ్గర అత్తిరంపాక్కం అనే ఊరి వాగులో చెక్కిన రాతి పనిముట్లు చూశారు. అవి ఆదిమానవుడు చేతితో చేసిన గొడ్డళ్లు. అక్కడి పాత పనిముట్ల వయసు సుమారు 15 లక్షల ఏళ్లు అని 2011లో శాస్త్రవేత్తలు లెక్క కట్టారు. అప్పుడు అందరికీ అర్థమైంది ఆ వాగు ఎంత గొప్పదో. తండ్రి ఒక పాత మనిషికి పేరు పెడుతున్న రోజుల్లోనే, ఇక్కడ కొడుకు పాత మనిషి చేతిపనిని చూశాడు.

తర్వాత కింగ్ గారు కడప, కర్నూలు కొండల్లో చాలా ఏళ్లు తిరిగాడు. అక్కడి సున్నపురాళ్లు, పలకరాళ్ల మీద ఆయన రాసిన పెద్ద పుస్తకం 1872లో వచ్చింది. ఇప్పటికీ కడప రాళ్ల మీద పరిశోధన చేసేవాళ్లు అక్కడి నుంచే మొదలుపెడతారు.

ఇక మన దగ్గరికి వద్దాము.

ఆ రోజుల్లో దక్షిణ దేశంలో బొగ్గు గని లేదు. బెంగాల్‌లో రాణిగంజ్ దగ్గర 1774 నుంచే తవ్వుతున్నారు గానీ అది చాలా దూరం. ఇక్కడి రైళ్లకు కట్టెలు గానీ, ఇంగ్లండు నుంచి ఓడలో వచ్చిన బొగ్గు గానీ కాల్చాలి. వార్ధా నది లోయలో చాందా దగ్గర బొగ్గు ఉన్న సంగతి అప్పటికే తెలిసింది. అదే రకం ఇసుకరాయి ప్రాణహిత వెంబడి, గోదావరి వెంబడి కిందికి దిగి వస్తున్నది. అయితే కింద కూడా బొగ్గు ఉండాలి కదా! ఈ ఆలోచనతో వెతుకులాట సాగింది.

మన పెద్దలు ఒక కథ చెప్తారు. భద్రాచలం పోయే యాత్రికులు ఇల్లందు దగ్గర ఆగి, మూడు నల్ల రాళ్లు పెట్టి వంట చేస్తే పొయ్యి రాళ్లే అంటుకున్నాయట. అందరూ ఆశ్చర్యపోయారట. ఇల్లందును ఇప్పటికీ మనవాళ్లు బొగ్గుట్ట అంటారు కదా. కాలే రాయి అక్కడ ఉన్న సంగతి చూసినవాళ్లకు తెలుసు. కానీ కాలే రాయి ఉందని తెలియడం వేరు. అది ఏ పొరలో ఉంది, ఎటు వాలింది, ఎంత దూరం పోతుంది అని చెప్పడం వేరు. ఆ రెండో పని కింగ్ గారు చేశాడు. 1871లో ఈ ప్రాంతంలో బొగ్గును గుర్తించి, హైదరాబాదు రాజ్యం ఆగ్నేయ మూలన కొత్త బొగ్గు క్షేత్రం ఉందని 1872లో సర్వే పత్రికలో వ్యాసం రాశాడు. పక్కనున్న సింగరేణి గ్రామం పేరే ఆ బొగ్గుకు పడింది. మన మండలంలోని చిన్న ఊరు! ఇప్పుడు ఆ పేరు తెలియనివాళ్లు తెలుగు నేల మీద లేరు.

ఆయన అక్కడితో ఆగలేదు. మొత్తం ప్రాణహిత–గోదావరి లోయను పరిశీలించి 1881లో పెద్ద నివేదిక అచ్చు వేయించాడు. అందులోని విషయాన్ని, తర్వాతి శాస్త్రవేత్తలు తెలుసుకున్న దాన్ని కలిపి మనకు అర్థమయ్యేట్టు చెప్తాను.

మన లోయ వాయవ్యం నుంచి ఆగ్నేయానికి, అంటే చాందా వైపు నుంచి సముద్రం వైపు, 400 కిలోమీటర్లకు పైగా పొడవున పడి ఉంది. రెండు వైపులా చాలా పాత గట్టి రాయి ఉంది. ఖమ్మం వైపు క్వారీల్లో కనబడే గ్రానైట్ జాతి రాయి అదే. దాని వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. దాని మీద 100 కోట్ల ఏళ్లు దాటిన పలకరాళ్లు, సున్నపురాళ్లు ఉన్నాయి. వరంగల్ వైపు కాకతీయులు కట్టిన పాఖాల చెరువు ఉంది కదా, ఆ పేరుతోనే వాటికి పాఖాల శిలలు అని కింగ్ గారు పేరు పెట్టాడు.

సుమారు 30 కోట్ల ఏళ్ల కింద ఈ రెండు గట్టి దిమ్మెల మధ్య నేల బీటలు పడి నెమ్మదిగా కిందికి దిగడం మొదలుపెట్టింది. రెండు గోడల మధ్య వేసిన బండ కుంగిపోయినట్టు అనుకోండి. మొదట్లో ఇక్కడ మంచు ఉండేది! నమ్మబుద్ధి కాదు గానీ నిజమే. మంచు మోసుకొచ్చిన గుండ్రాళ్ల పొర అన్నిటికన్నా అడుగున దొరుకుతుంది. తర్వాత మంచు కరిగింది. కుంగిన నేలలో నదులు పారాయి, చిత్తడి అడవులు పెరిగాయి. చెట్లు పడిపోయి నీళ్లలో కుళ్లకుండా పేరుకున్నాయి. వాటి మీద ఇసుక, దాని మీద మళ్లీ అడవి, మళ్లీ ఇసుక. నేల కుంగుతూనే ఉంది, పైన బరువు పెరుగుతూనే ఉంది. ఆ బరువుకు, వేడికి కింది చెట్లు బొగ్గు అయినాయి. ఇసుక ఇసుకరాయి అయింది.

అందుకే బొగ్గు కుంగిన చోటే ఉంది. ఇల్లందు, కొత్తగూడెం, మణుగూరు, రామగుండం, బెల్లంపల్లి అన్నీ ఈ కుంగిన నేలలోవే. ఖమ్మం ఆ గట్టు మీద, పాత రాయి మీద ఉంది. అక్కడ ఎంత తవ్వినా బొగ్గు రాదు. మన మొదటి ప్రశ్నకు ఇదే జవాబు.

తర్వాత ఇదే లోయలో రాక్షసబల్లులు కూడా తిరిగాయి. హైదరాబాదు బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టిన కోటసారస్ అస్థిపంజరం ఈ లోయలో దొరికినదే. గోదావరి తల్లి మాత్రం వీటన్నిటికన్నా చిన్నది. పాత లోయ ముందే ఉంది, నది తర్వాత వచ్చింది. మెత్తని ఇసుకరాయి మీద విశాలంగా పారుతుంది. భద్రాచలం దాటి పాపికొండల గట్టి రాయి తగలగానే ఇరుకు అవుతుంది. ముర్రేడు కొత్తగూడెం పక్కగా పారి కిన్నెరసానిలో కలుస్తుంది. కిన్నెరసాని పోయి గోదావరిలో కలుస్తుంది.

ఇక్కడ మనకు గర్వం కలిగించే విషయం ఒకటి ఉంది. ఈ బొగ్గు ఉన్న రాళ్లకు గోండ్వానా శిలలు అని పేరు. కింగ్ గారి తోటి శాస్త్రవేత్త మెడ్లికాట్ 1872లో గోండు రాజ్యాల పేరు మీద ఆ పేరు పెట్టాడు. ఇవే ఆకుల గుర్తులు ఆఫ్రికా, ఆస్ట్రేలియా, దక్షిణ అమెరికా రాళ్లలో కూడా దొరికాయి. దీన్నిబట్టి ఒకప్పుడు ఇవన్నీ ఒకే నేల అన్నారు. ఆ మహాఖండానికి ఆస్ట్రియా దేశపు సూయెస్ 1885లో గోండ్వానా అనే పేరే వాడాడు. గోండులు మన కోయవాళ్లకు చుట్టాలే, రెండు భాషలూ దగ్గరివే. ప్రపంచంలో ఏ దేశంలో భూగోళం చదివినా మనవాళ్ల పేరు పలకాల్సిందే! ఈ సంగతి మన క్లాసులో ఎంతమందికి తెలుసు?

1886లో హైదరాబాదు దక్కన్ కంపెనీ తవ్వకం హక్కులు తీసుకుంది. 1889లో ఇల్లందులో బొగ్గు తవ్వడం మొదలైంది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. కింగ్ గారు అప్పటికే పెద్ద అధికారి అయ్యాడు. 1887 నుంచి 1894 వరకు మొత్తం సర్వే సంస్థకు ఆయనే డైరెక్టరు. తాను రాసిన వ్యాసం నిజంగా గని కావడం ఉద్యోగంలో ఉండగానే చూశాడు. 1894లో పదవి దిగిపోయాడు. గనుల్లో ఒక బొగ్గు పొరను కింగ్ సీమ్ అంటారు. అది ఆయన పేరు మీదే అని కార్మికులు చెప్పుకుంటారు.

మిత్రులారా, ఒకటి ఆలోచించండి. కింగ్ గారు తిరిగినప్పుడు భద్రాచలం మధ్య పరగణాల్లో ఉండేది. 1874లో గోదావరి జిల్లాకు పోయింది. 1959లో ఖమ్మం జిల్లాలో కలిసింది. 2014లో కొన్ని మండలాలు ఆంధ్రకు పోయాయి. 2016లో మన పక్క ఇల్లందు భద్రాద్రి కొత్తగూడెం జిల్లాకు పోయింది, మన కారేపల్లి ఖమ్మం జిల్లాలోనే ఉంది. ప్రభుత్వాల గీతలు ఇన్నిసార్లు మారాయి. రాళ్ల మ్యాపు మాత్రం మారలేదు. దాన్ని చదవడం వచ్చినవాడికే నేల కింద ఏముందో ముందు తెలుస్తుంది. తెలిసినవాడే కంపెనీ పెడతాడు. తెలియనివాడు తన ఊరు ఎందుకు ఖాళీ చేయమంటున్నారో కూడా తెలియక మూట కట్టుకుంటాడు. బొగ్గు వల్ల రైలు వచ్చింది, ఉద్యోగాలు వచ్చాయి, కరెంటు వచ్చింది. అడవి పోయింది, కొన్ని గూడేలు లేచిపోయాయి. రెండూ నిజమే.

అడవిలో దారి తెలియని దొరకు దారి చూపినవాళ్లు, సామాను మోసినవాళ్లు, నీళ్ల చోటు చూపినవాళ్లు ఉండే ఉంటారు. వాళ్ల పేర్లు సింగరేణి చరిత్రలో మనం చదవము. చదువు ఉన్నవాడి పేరే నిలిచింది. దీనికి కోపం తెచ్చుకోవడం కన్నా, ఈసారి రాసేవాళ్లం మనమే కావడం మంచిది. గాల్వే నుంచి వచ్చిన మనిషి మన లోయను చదవగలిగాడు. ఈ లోయలోనే పుట్టిన మనం చదవలేమా?

అందుకని ఒక పని చేద్దాం. ఈసారి సెలవులకు ఇంటికి పోయినప్పుడు ప్రతి ఒక్కరూ తమ ఊరి గుట్ట నుంచో వాగు నుంచో ఒక రాయి తీసుకురావాలి. రాయితోపాటు చీటీ మీద ఊరి పేరు, ఎక్కడ దొరికింది, వాగు పేరు రాయాలి. చీటీ లేకపోతే అది ఉత్త రాయే, చీటీ ఉంటే పాఠం అవుతుంది. వార్డెన్ సారు ఒప్పుకుంటే సైన్స్ గదిలో ఒక బల్ల మీద వరుసగా పెడదాం. ఖమ్మం వైపు రాళ్లు ఒక పక్క, ఇల్లందు, గుండాల, మణుగూరు రాళ్లు ఇంకో పక్క. మధ్యలో లోయ గట్టు ఎక్కడ మొదలవుతుందో మన కళ్లతోనే కనబడుతుంది.