మేరీ సోమర్విల్లు

శాస్త్రములందు క్రొత్త సత్యములను కనుగొన్న వారి పేరులు మన పాఠ్యపుస్తకములలో నిలిచియున్నవి. ఆ సత్యములను తాము చక్కగా గ్రహించి, పండితులు కాని వారికి సైతము బోధపడునట్లు వ్రాసిపెట్టిన వారిని మాత్రము మనము తరచుగా తలపము. దీపమును వెలిగించిన వానిని పొగడి, దానిని చీకటి యింటికి కొనిపోయిన వానిని మఱచుట న్యాయము కాదు. అట్టి దీపధారులలో అగ్రగణ్యురాలైన మేరీ సోమర్విల్లు అను విదుషి చరిత్రమును మా బాలబాలికల కొఱకు ఇచట సంగ్రహముగా వ్రాయుచున్నాము. ఆడుదానికి చదువేల యన్న లోకమునకే ఆమె చదువు చెప్పినది.

మేరీ 1780వ సంవత్సరము డిసెంబరు 26వ తేదీన స్కాట్లాండు దేశమందలి జెడ్‌బర్గు పట్టణమున జన్మించెను. తండ్రి విలియం ఫెయిర్‌ఫాక్సు నౌకాసైన్యమున అధికారి. ఆయన సంవత్సరముల తరబడి సముద్రము మీదనే యుండుటచే, బాలిక బర్న్‌టైలండు అను రేవు గ్రామమున తల్లి యొద్ద పెరిగెను. గవ్వలేరుకొనుట, పక్షులను చూచుట, ఇంటిపనులలో తల్లికి తోడ్పడుట, ఇదియే ఆమె బాల్యము. ఒకమారు తండ్రి యింటికి వచ్చి, కుమార్తెకు చదువు సరిగా రాదనియు, వ్రాయుట అసలే రాదనియు కనుగొని మిక్కిలి చింతించి, ఆమెను మసల్‌బర్గు నందలి యొక బాలికా పాఠశాలకు పంపెను. నిటారుగా కూర్చుండవలెనని అచట బాలిక మేనికి ఇనుపబద్దతో కూడిన బిగుతు చట్టమును తొడిగిరి. నిఘంటువులోని పుటలకు పుటలు వల్లె వేయించిరి. ఒక్క యేడాదితో ఆ బడి చదువు ముగిసినది. తరువాత ఆమె నేర్చినదంతయు చాలవఱకు స్వయంకృషి వలన లభించినదే.

ఒకనాడు పొరుగువారి విందులో స్త్రీల దుస్తుల బొమ్మలు గల మాసపత్రిక యొకటి ఆమె చేతికి వచ్చెను. అందలి చిక్కు ప్రశ్నల నడుమ అంకెలకు మారుగా అక్షరములు వ్రాసియుండుట చూచి ఆమె ఆశ్చర్యపడెను. అది బీజగణితమని తెలిసినది గాని, దానిని నేర్పువారెవరును లేరు. మఱియొకప్పుడు, చిత్రలేఖనమునకు యూక్లిడు రేఖాగణితము పునాది యని ఎడింబరో నగరమున చిత్రకారుడగు నాస్మిత్తు వేరొకరితో చెప్పుచుండగా ఆమె వినెను. ఆ కాలమున ఆడపిల్ల పుస్తకముల దుకాణమునకు పోయి గణితగ్రంథము నడుగుట మర్యాద గాదు. కావున తమ్మునికి చదువు చెప్పు ఉపాధ్యాయుని బతిమాలి రెండు పుస్తకములను తెప్పించుకొనెను.

పగలు ఇంటిపని, కుట్టుపని, సంగీతము, రాత్రి గణితము. క్రొవ్వొత్తులు త్వరత్వరగా తఱిగిపోవుచున్నవని పనివారు తల్లితో చెప్పిరి. మితిమీరిన చదువు వలన పిల్లకు మతి చలించునని తలిదండ్రులు భయపడి క్రొవ్వొత్తిని తీసివేయించిరి. అంతట ఆ బాలిక యేమి చేసెను? యూక్లిడు మొదటి ఆరు భాగములను అప్పటికే చాలవఱకు చదివియుండుటచే, చీకటిలో పండుకొని ప్రతి రాత్రియు సిద్ధాంతములను ఒక్కటొక్కటిగా మనస్సునందే సాధించుచు పోయెను. క్రొవ్వొత్తిని తీసివేయగలిగిరి గాని జ్ఞాపకశక్తిని తీసివేయలేకపోయిరి.

1804లో ఆమెకు శామ్యూలు గ్రెగ్గు అను బంధువుతో వివాహమై లండను నగరమునకు వెడలెను. ఆయనకు స్త్రీవిద్య యందు ఆదరము లేకుండెను. 1807లో ఆయన మరణింపగా, ఇరువురు పసిబిడ్డలతో మేరీ పుట్టినింటికి మరలి వచ్చెను. ఆ దుఃఖమునందే ఆమెకు స్వేచ్ఛ లభించినది. ఇరుగుపొరుగువారి పరిహాసమును సరకుసేయక, న్యూటను మహాశయుని ప్రిన్సిపియా గ్రంథమును పఠించెను. 1811లో ఒక గణిత పత్రిక యందలి సమస్యను సాధించి వెండి పతకమును పొందెను. 1812లో డాక్టరు విలియం సోమర్విల్లును వివాహమాడెను. ఈయన భార్య విద్యకు ఆటంకము గాక ఆధారమయ్యెను. ఆమెకు కావలసిన గ్రంథములను వెదకి తెచ్చుట, ఆమె వ్రాతప్రతులకు నకళ్లు తీయుట తన గౌరవముగా భావించెను.

1827లో బ్రూహాము ప్రభువు ఒక గొప్ప కార్యమును ఆమెకు ఒప్పగింపజూచెను. సూర్యచంద్రుల యొక్కయు గ్రహముల యొక్కయు గతులను గణితముచే నిరూపించుచు ఫ్రెంచి పండితుడగు లాప్లాసు రచించిన బృహద్గ్రంథమును సామాన్య చదువరులకు అందునట్లు ఇంగ్లీషున వ్రాయవలెనని ఆయన కోరిక. ఆమె ఒక నియమముతో ఒప్పుకొనెను: సంగతి రహస్యముగా నుండవలెను; వ్రాసినది తగినది కానిచో వ్రాతప్రతిని అగ్నికి ఆహుతి చేయవలెను. లాప్లాసు తన గ్రంథమున అనేక సోపానములను విడిచి, ఒక్కొక్క గంతులో ఫలితమును చేరుకొనును. మేరీ ఆ విడిచిన సోపానములను పూరించి, పటములను చేర్చి, గణితము నెఱుగని వారికై ఒక సులభమైన ఉపోద్ఘాతమును వ్రాసెను. బిడ్డలను పెంచుచు, ఇల్లు దిద్దుకొనుచు, అతిథులు తలుపు తట్టగానే కాగితములను దాచుచు నాలుగేండ్లలో ఈ పని నెఱవేర్చినది. 1831లో 750 ప్రతులు అచ్చయ్యెను. స్త్రీలకు ప్రవేశము లేని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున ఆ స్త్రీ రచించిన గ్రంథమును విద్యార్థులు పఠింపసాగిరి.

1834లో భౌతికశాస్త్రముల పరస్పర సంబంధమును గూర్చిన ఆమె రెండవ గ్రంథము వెలువడెను. చంద్రునికిని సముద్రపు పోటునకును, వెలుతురునకును వేడిమికిని, విద్యుత్తునకును అయస్కాంతమునకును గల సంబంధములను ఇందు గణిత సమీకరణములు లేకయే ఆమె వివరించెను. ఆ గ్రంథమును విమర్శించుచు హ్యూయెల్లు పండితుడు వ్రాసిన వ్యాసముననే సైంటిస్టు అను ఇంగ్లీషు పదము మొట్టమొదట అచ్చున కనిపించినది. యురేనసు గ్రహము లెక్క తప్పి నడచుటకు కంటికి కానరాని వేరొక గ్రహము కారణమై యుండవచ్చునని 1842 నాటి కూర్పునందు ఆమె సూచించెను. ఆ వాక్యమే తనను పరిశోధనకు పురికొల్పినదని ఆడమ్సు అను గణితవేత్త తరువాత చెప్పెను. ఆడమ్సు ఇంగ్లండునను, లెవెరియే ఫ్రాన్సునను వేర్వేరుగా గణించిరి. లెవెరియే గణితము ననుసరించి 1846 సెప్టెంబరు 23వ తేదీన బెర్లిను నగరమున నెప్ట్యూను గ్రహమును కనుగొనిరి. విషయమును విశదముగా చెప్పుటయే ఒక్కొక్కప్పుడు క్రొత్త సత్యమునకు ద్వారమగునని దీనివలన తెలియుచున్నది.

ఆమె యత్నములన్నియు ఫలించినవని చెప్పము. సూర్యకాంతి యందలి ఊదా కిరణములు ఉక్కు సూదికి అయస్కాంతశక్తి నిచ్చునని 1826లో ఆమె ప్రకటించిన అభిప్రాయము నిలువలేదు. ఆ వ్యాసమును రాయల్ సొసైటీకి సమర్పించినది సయితము ఆమె భర్తయే. స్త్రీలకు ఆ సభలో స్థానము లేదు. పిమ్మట ఆ సభవారే ఆమె పాలరాతి ప్రతిమను చేయించి తమ మందిరమున నిలిపిరి. ప్రతిమకు దొరకిన స్థానము మనిషికి దొరకలేదు! 1835లో రాయల్ ఖగోళ సంఘము వారు ఆమెను, కరొలీను హెర్షెలును గౌరవ సభ్యులుగా ఎన్నుకొనిరి. ఆ సంవత్సరముననే దొరతనమువారు ఆమెకు సాలుకు 200 పౌనుల పింఛనును ఏర్పఱచి, తరువాత 300 పౌనులకు పెంచిరి.

భర్త ఆరోగ్యము కొఱకు 1838లో ఆ కుటుంబము ఇటలీ దేశమునకు తరలెను. 1848లో ఆమె రచించిన భౌతిక భూగోళము భూమి మిక్కిలి ప్రాచీనమని చెప్పుటచే, యార్కు నగరపు దేవాలయ వేదిక నుండి దూషింపబడినది. దైవభక్తి గల ఆమె సృష్టి పరిశీలనము సృష్టికర్త మహిమను పెంచునదే యని నమ్మి తన పనిని మానలేదు. భర్తను, కుమారుని పోగొట్టుకొనిన పిమ్మట కూడ కలము విడువక, 88 ఏండ్ల వయస్సున, 1869లో, అణువులను గూర్చియు సూక్ష్మదర్శినిచే కనబడు జీవులను గూర్చియు రెండు సంపుటములను ప్రకటించెను. స్త్రీలకు ఓటుహక్కు కోరుచు 1868లో జాన్ స్టూవర్టు మిల్లు సమర్పించిన విన్నపము పైని మొదటి సంతకము ఆమెదే. చివరి దినముల వఱకు ప్రాతఃకాలమున ఉన్నత గణితమును సాధించుచు, 1872 నవంబరు 29వ తేదీన నేపిల్సు నగరమున కన్నుమూసెను. 1879లో ఆక్స్‌ఫర్డునందు స్త్రీలకై నెలకొల్పిన విద్యాలయమునకు ఆమె పేరే పెట్టిరి.

తనకు పట్టుదలయు గ్రహణశక్తియు గలవే కాని, క్రొత్తదానిని సృజించు ప్రతిభ లేదని ఆమె తన్ను తాను తక్కువగా నెంచుకొనెను. మేమందుకు ఒప్పుకొనజాలము. బావిలో నీరున్నంత మాత్రమున ఊరి దాహము తీరదు. చేదకు త్రాడు కావలెను. లాప్లాసు గ్రంథమునకును సామాన్య చదువరికిని నడుమ ఆ త్రాడైనది మేరీ సోమర్విల్లు.

ఇట్టి సేవ మన నాటికిని క్రొత్త కాదు. మన ఓరుగల్లు చెంతనున్న హనుమకొండలో 1904లో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము స్థాపింపబడినది. 1906లో హైదరాబాదున కొమర్రాజు లక్ష్మణరావుగారు మొదలగువారు విజ్ఞానచంద్రికా మండలిని నెలకొల్పి శాస్త్రగ్రంథములను తెలుగున ప్రకటించిరి. ఆయన కుమార్తె డాక్టరు అచ్చమాంబగారు వైద్యురాలై, ప్రసూతిని శిశుపోషణమును గూర్చి తెలుగు తల్లులకు తెలియునట్లు గ్రంథము వ్రాసిరి.

విద్యార్థినీ విద్యార్థులారా! మీ గదిలోని దీపమును నేడెవరును తీసివేయరు. మీరు తరగతిలో నేర్చిన పాఠమును ఇంటికి పోయి, బడి మెట్లెక్కని మీ అవ్వకు అర్థమగునట్లు చెప్పి చూడుడు. చెప్పలేకపోయితిరేని పాఠము మీకింకను రాలేదనుకొనుడు. చెప్పగలిగితిరేని మేరీ సోమర్విల్లు చేసిన పనిలో కొంత మీరును చేసినవారగుదురు. తలిదండ్రులకును ఒక మాట విన్నవించుచున్నాము. రాత్రివేళ మీ కుమార్తె పుస్తకము ముందు కూర్చుండినచో, దీపమును ఇంకొకింత పెద్దది చేయుడు.