బోదకాలి మందు వెనక భీమవరం మనిషి

డీఈసీ మాత్ర అంటే కోనసీమలో తెలియని ఇల్లుండదు. నా చిన్నప్పుడు ఏడాదికోసారి ఆశా కార్యకర్తో, ఏఎన్ఎమ్ గారో వచ్చి మా వీధి అరుగు మీద కూర్చునేవారు. ఇంట్లో ఎంతమంది ఉన్నారో రాసుకుని, వయసుని బట్టి ఒకటి, రెండు, మూడు లెక్కన మాత్రలు ఇచ్చేవారు. వాటితో పాటు నమిలే ఆల్బెండజోల్ ఇంకొకటి. మింగేవాళ్లు మింగేవారు, మిగతావాళ్లవి దేవుడి గూట్లోనో ఫ్రిజ్ మీదో చేరేవి. ఆ మాత్ర ఎక్కడి నుంచి వచ్చిందో మా వీధిలో ఎవరూ ఆలోచించలేదు. ఏ దొరగారో కనిపెట్టి ఉంటాడులే అనుకునేవాళ్లం.

రాజోలు వైపు నుంచి బస్సెక్కి, దిండి దాటి, చించినాడ వంతెన మీద వశిష్ట దాటి, పాలకొల్లు మీదుగా వెళ్తే భీమవరం వస్తుంది. ఆ మాత్ర పుట్టిన పరిశోధనశాలని నడిపింది ఆ భీమవరంలో పుట్టిన మనిషే. ఆయన యల్లాప్రగడ సుబ్బారావు గారు. పేరు మనలో చాలామంది జీకే పుస్తకంలో బట్టీ పట్టినదే. ఆ పేరు వెనకున్న బతుకు మాత్రం జీకే బిట్టులో పట్టదు. అందుకే ఈ సంచికకి ఆయన గురించే రాస్తున్నాను.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న పుట్టారు. తండ్రి జగన్నాథం గారు రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి, ఆరోగ్యం బాగోక ముందుగానే పని మానుకున్నారు. ఇల్లు నడవడమే కష్టం. పదమూడేళ్ల వయసులో సుబ్బారావు గారు కాశీ వెళ్లి యాత్రికులకి అరటిపళ్లు అమ్మి డబ్బు సంపాదిద్దామని ఇంట్లోంచి పారిపోయారు. వెతికి పట్టుకొచ్చి రాజమండ్రిలో బడికి పంపారు. మెట్రిక్ ఒకసారి తప్పారు, రెండోసారీ తప్పారు. మద్రాసు హిందూ హైస్కూల్లో చేరి మూడో ప్రయత్నంలో గట్టెక్కారు. ఈలోగా తండ్రి పోయారు. చదువు ఆగకూడదని తల్లి వెంకమ్మ గారు ఒంటి మీద బంగారం అమ్మి ఫీజు కట్టారు. సప్లీ రిజల్ట్స్ కోసం రాత్రంతా పేజీ రిఫ్రెష్ చేసే మనకి ఈ భాగం ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్ చదివే రోజుల్లో ఆయన మనసు రామకృష్ణ మిషన్ వైపు తిరిగింది. సన్యాసం తీసుకుందామనుకున్నారు. తల్లి ఒప్పుకోలేదు. మఠంవాళ్లు కూడా డాక్టరై సేవ చెయ్యమన్నారు. అలా మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. 1919లో శేషగిరి గారితో పెళ్లయింది. మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు చదువుకి అండగా నిలిచారు.

అది గాంధీగారి పిలుపు ఊరూరా వినిపిస్తున్న కాలం. సుబ్బారావు గారు ఆపరేషన్ థియేటర్లోకి ఖద్దరు గౌను వేసుకెళ్లారు. సర్జరీ ప్రొఫెసరు దొరగారికి అది నచ్చలేదు. పరీక్షలు బాగానే రాసినా చివరికి చేతికొచ్చింది ఎంబీబీఎస్ కాదు, అంతకన్నా తక్కువదైన ఎల్ఎంఎస్. ప్రభుత్వ వైద్య ఉద్యోగమూ రాలేదు. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో అనాటమీ పాఠాలు చెప్పుకుంటూ ఉండిపోయారు.

ఆ రోజుల్లోనే ఇంట్లో పెద్ద దెబ్బ తగిలింది. స్ప్రూ అనే జబ్బుతో ఇద్దరు అన్నదమ్ములు కొద్ది రోజుల తేడాలో చనిపోయారు. తిన్నది ఒంటికి పట్టక, విరేచనాలతో, రక్తం తగ్గిపోయి మనిషి చిక్కి శల్యమయ్యే జబ్బు అది. అప్పట్లో దానికి సరైన మందు లేదు. ఆయనకే ఆ జబ్బు వస్తే లక్ష్మీపతి గారి వైద్యంతో బయటపడ్డారు. ఉష్ణమండల వ్యాధుల మీద పరిశోధన చెయ్యాలనే పట్టుదల అక్కడే గట్టిపడింది. డబ్బు? మామగారు కొంత సర్దారు. కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ఛారిటీస్ సాయం చేస్తామని ముందుకొచ్చింది. గోదావరి జిల్లా డబ్బుతో గోదావరి జిల్లా కుర్రాడు ఓడెక్కాడు. ఇంటి దగ్గర భార్య గర్భవతి. మూడేళ్లలో వచ్చేస్తానన్న మాట మీద వెళ్లారు.

బోస్టన్‌లో దిగాక చేతిలో డబ్బు నిలవలేదు. పగలు హార్వర్డ్‌లో ట్రాపికల్ మెడిసిన్ చదువు, రాత్రి ఆసుపత్రిలో పోర్టర్ పని. మనదేశంలో డాక్టరు పరీక్షలు పాసైన మనిషి అక్కడ రోగుల మలమూత్రాల పాత్రలు శుభ్రం చేశారు. తర్వాత సైరస్ ఫిస్కే దగ్గర బయోకెమిస్ట్రీలో చేరారు. రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంతుందో కొలిచే పద్ధతిని ఇద్దరూ కలిసి 1925లో ప్రకటించారు. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అని ల్యాబ్ పుస్తకాల్లో కనిపించేది అదే. 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ. కండరానికి శక్తి ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్నకి ఈ రెండూ కీలకమైన జవాబులు. ఏటీపీ సంగతి జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే ఏడాది విడిగా కనుక్కున్నారు. 1930లో సుబ్బారావు గారికి పీహెచ్‌డీ వచ్చింది. ఇంత చేసినా హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం మాత్రం రాలేదు.

మూడేళ్లన్నది ముప్ఫై ఏళ్ల వైపు సాగింది. కొడుకు పుట్టాడనీ, ఏడాది నిండకుండానే చర్మానికి సోకే ఒక ఇన్ఫెక్షన్‌తో పోయాడనీ ఆయన దూరం నుంచే విన్నారు. ఆ బిడ్డ మొహం ఆయన చూడలేదు. శేషగిరి గారు ఇక్కడే ఉండిపోయారు. చరిత్ర పుస్తకాలు ఆవిడకి రెండు వాక్యాలకి మించి ఇవ్వవు. ఈ కథలో ఎవరు ఎక్కువ ఖరీదు కట్టారని అడిగితే నేను ఆవిడ పేరే చెప్తాను.

1940లో ఆయన న్యూయార్క్ దగ్గర పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ కంపెనీకి వెళ్లి పరిశోధన విభాగానికి డైరెక్టర్ అయ్యారు. ఆ ఎనిమిదేళ్లలో జరిగింది చూస్తే కళ్లు తిరుగుతాయి. అన్నదమ్ముల్ని తీసుకుపోయిన స్ప్రూకి పనికొచ్చే ఫోలిక్ యాసిడ్‌ని ఆయన బృందం కృత్రిమంగా తయారుచేసింది. దానికి విరుగుడుగా చేసిన అమినోప్టెరిన్‌తో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు లుకేమియా ఉన్న పిల్లల్లో జబ్బుని తాత్కాలికంగానైనా వెనక్కి నెట్టగలిగారు. ఆ కుటుంబానిదే అయిన మెథోట్రెక్సేట్ ఇవాళ్టికీ క్యాన్సర్ వార్డుల్లో ఉంది. 1948లో వచ్చిన ఆరియోమైసిన్ టెట్రాసైక్లిన్ మందుల్లో మొదటిది.

ఇక మన మాత్ర. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకి వెళ్లిన అమెరికా సైనికుల్లో వేలమందికి ఫైలేరియా సోకింది. కాలు ఏనుగు కాల్లా వాచిపోతుందన్న భయం సైన్యంలో పాకింది. మందు కోసం లెడర్లీలో సుబ్బారావు గారి బృందం ఎలుకల్లో ఇలాంటి పురుగుల్ని పెంచి, రసాయనం తర్వాత రసాయనం పరీక్షిస్తూ పోయింది. చివరికి దొరికింది డైఇథైల్ కార్బమజైన్. 1947లో హెట్రజాన్ పేరుతో బయటికొచ్చింది. మన డీఈసీ అదే. మందు వెతకమన్నది అమెరికా సైన్యం అవసరం. తరాల తరబడి ఆ జబ్బుని మోసింది మాత్రం ఆయన వదిలొచ్చిన గోదావరి డెల్టా.

మరుసటి ఏడాదే, 1948 ఆగస్టులో, యాభై మూడేళ్లకే నిద్రలో గుండె ఆగి ఆయన వెళ్లిపోయారు. తిరిగి ఇండియా రాలేదు. మన ప్రభుత్వం 1955లో జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టే నాటికి ఆ మందు ఉంది, మనిషి లేరు. ఆయన శతజయంతికి 1995లో ఒక తపాలా బిళ్ల వేశారు.

మందు ఉంటే సరిపోదనడానికి మా ఊరే ఉదాహరణ. పోయినేడాది ఎన్ఎస్ఎస్ తరఫున మేం నలుగురం అమలాపురంలో రాత్రి రక్తపరీక్షల బృందంతో తిరిగాం. ఈ పని రాత్రే ఎందుకు చెయ్యాలంటే, ఫైలేరియా పిల్లపురుగులు పగలంతా ఊపిరితిత్తుల రక్తనాళాల్లో దాక్కుని, రాత్రి పొద్దుపోయాక చర్మం దగ్గరి రక్తంలోకి వస్తాయి. వాటిని మోసే క్యూలెక్స్ దోమ కుట్టే వేళ కూడా అదే. కాబట్టి ఆరోగ్య సిబ్బంది జనం పడుకునే టైముకి తలుపు తట్టాలి. వేలి మీద సూదితో గుచ్చి, గాజు పలక మీద మందంగా రక్తం పూత వేసి, నంబరు రాసి ఆరబెట్టుకోవాలి. తర్వాత ల్యాబ్‌లో రంగు వేసి మైక్రోస్కోప్ కింద ఒక్కో పలకా చూడాలి. గడియార స్తంభం సెంటర్లో దుకాణాలు కట్టేశాక మేం సందుల్లోకి బయల్దేరాం. కొన్ని ఇళ్లల్లో కసిరారు. కొన్ని ఇళ్లల్లో కుర్చీ వేసి మజ్జిగ ఇచ్చారు. మాతో ఉన్న ల్యాబ్ టెక్నీషియన్ గారు రెండు రకాల వాళ్లతోనూ ఒకే గొంతుతో మాట్లాడటం నాకు బాగా గుర్తుండిపోయింది.

ఒంట్లో పురుగులున్న చాలామందికి ఏ లక్షణమూ ఉండదు. కాలు బాగానే ఉంటుంది, మనిషి బాగానే తిరుగుతాడు. కానీ అతన్ని కుట్టిన దోమ ఇంకొకరికి జబ్బు మోసుకుపోతుంది. అందుకే ఆరోగ్యంగా ఉన్నవాళ్లని కూడా మింగమంటారు. రెండేళ్లలోపు పిల్లలు, గర్భిణులు, బాగా జబ్బుపడ్డవాళ్లు తప్ప అందరూ. తల్లిపురుగు ఒంట్లో అయిదేళ్లకి పైగా బతుకుతుంది కాబట్టి ఒక ఏడాది మింగి ఊరుకుంటే చాలదు. ఊళ్లో నూటికి కనీసం 65 మంది మింగితే తప్ప గొలుసు తెగదని లెక్క. మాత్ర వేసుకున్నాక కొందరికి జ్వరం, తలనొప్పి, వికారం వస్తాయి. చాలామందిలో అది రక్తంలోని పురుగులు చస్తున్నందువల్ల వచ్చేదే, ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. ఆ ఒక్క విషయం చెప్పేవాళ్లు లేకే మా వీధిలో సగం మాత్రలు ఫ్రిజ్ ఎక్కాయి.

మా మామ్మకి బోదకాలు. ఎడమ కాలు. పెళ్లిళ్లకి వెళ్తే పందిట్లో వెనక వరసలో, చీర కుచ్చెళ్లు కాలి మీదకి లాక్కుని కూర్చునేది. ఫొటోకి పిలిస్తే కుర్చీ వెనక నిలబడేది. ఆవిడ వయసులో ఉన్నప్పుడే ఈ మందు లోకంలో ఉంది. ఆవిడ దాకా రాలేదు. వాపు ముదిరాక మాత్ర దాన్ని వెనక్కి తీసుకురాలేదు. రోజూ సబ్బుతో కడిగి, వేళ్ల సందులు తడి లేకుండా తుడిచి, కాలు ఎత్తు మీద పెట్టుకుంటే ముదరకుండా ఉంటుందంతే. ఆ కడిగే పద్ధతి కూడా ఆవిడకి చివరి రోజుల్లో ఇంటికొచ్చిన ఏఎన్ఎమ్ గారే నేర్పారు. తర్వాత జ్వరాలు తగ్గాయి. మామ్మ ఆ అమ్మాయిని ఎప్పుడూ కాఫీ తాగకుండా పంపలేదు.

సివిల్ వాళ్లకి ప్రత్యేకంగా ఒక మాట. క్యూలెక్స్ గుడ్లు పెట్టేది మురుగు నీళ్లలో. కోనసీమ నేల పళ్లెంలా చదును, డ్రెయిన్‌కి వాలు దొరకడమే గగనం. వాలు లేని చోట నీళ్లు నిలుస్తాయి, అందులో కొబ్బరి బొండాలూ ప్లాస్టిక్ కవర్లూ చేరతాయి. మునిసిపాలిటీ వాళ్లు పూడిక తీసి, ఆయిల్ చల్లి, ఫాగింగ్ చేసి వెళ్తారు. వారం తిరిగేసరికి మళ్లీ పిల్లదోమలు. సెప్టిక్ ట్యాంకు గాలి గొట్టం మూతికి దోమతెర గుడ్డ ముక్క కడితే వేల దోమలు పైకి రావు. దానికయ్యే ఖర్చు ఒక టీ ఖరీదు. మేం తిరిగిన వీధుల్లో అలా కట్టి ఉన్న గొట్టాలు మాకు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని కనిపించాయి.

దేశం నుంచి ఫైలేరియాని 2027కల్లా తొలగించాలని ప్రభుత్వం పెట్టుకున్న గడువు. మొదట 2015 అన్నారు, అది దాటిపోయింది. సెలవులకి ఊరెళ్లినప్పుడు మీ ఇంటి సెప్టిక్ ట్యాంకు గొట్టం ఒకసారి చూడండి. రాత్రి రక్తపరీక్షకి ఎవరైనా తలుపు తడితే వేలు చాచండి. మాత్ర ఇస్తే భోజనం చేసి, ఇచ్చినవాళ్ల ఎదురుగానే మింగండి. ఇంట్లో పెద్దవాళ్లు అదేం మాత్రరా అని అడిగితే, భీమవరం అబ్బాయి చేయించిన మందని చెప్పండి. గోదావరి జిల్లాల్లో ఆ మాట పనిచేస్తుంది. మా ఇంట్లో పనిచేసింది.