తప్పిన లెక్క

లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్ 1881 అక్టోబరు 11న ఇంగ్లండులోని న్యూకాజిల్ నగరంలో ఒక తోలువర్తకుని ఇంట జన్మించాడు. ఆయనది క్వేకరు కుటుంబం; ఆయుధం పట్టరాదన్నది వారి నియమం. కేంబ్రిడ్జిలో చదివి, 1913లో స్కాట్లండు కొండల నడుమనున్న ఎస్క్‌డేల్‌మ్యూర్ పరిశోధనాలయానికి అధిపతి అయ్యాడు.

ఆనాడు వాతావరణ సూచన చేయడమంటే, నేటి ఆకాశాన్ని పోలిన పాతరోజును పటాలలో వెదకి, నాడు జరిగినదే మరల జరుగునని చెప్పడం. రిచర్డ్‌సన్‌కు ఇది రుచించలేదు. గ్రహణాన్ని గణించినట్లే గాలినీ, తేమనూ, మేఘాన్నీ, వర్షాన్నీ భౌతికశాస్త్ర సూత్రాలతో గణించవచ్చునని ఆయన విశ్వాసం.

1916లో ఉద్యోగం వదలి, ఫ్రాన్సు యుద్ధరంగంలో క్షతగాత్రులను చేరవేసే అంబులెన్సు దళంలో చేరాడు. విరామవేళల్లో ఎండుగడ్డి కుప్పపై కాగితాలు పరచుకొని, 1910 మే 20 ఉదయపు ఐరోపా పరిశీలనల నుండి ఆరుగంటల మార్పును లెక్కకట్టాడు. అందుకు ఆరు వారాలు పట్టింది. మ్యూనిక్ సమీపాన వాయుపీడనం 145 మిల్లీబారులు పెరగాలని లెక్క తేలింది! భీకరమైన తుపానులో సైతం ఆరుగంటల్లో అంత మార్పు కనరాదు. నిజానికి ఆ పూట అక్కడ పీడనం దాదాపు కదలనేలేదు.

1917లో ఆ వ్రాతప్రతి యుద్ధపు గందరగోళంలో పోయి, కొన్ని నెలలకు బెల్జియంలో బొగ్గుకుప్ప క్రింద దొరికింది. 1922లో గ్రంథం వెలువడినప్పుడు రిచర్డ్‌సన్ ఆ తప్పుడు ఫలితాన్ని దాచలేదు. దాచి ఉంటే అడిగేవారెవరు? పైగా దోషం తొలి గాలుల కొలతల్లోనే ఉన్నదని తానే పట్టి చూపాడు. ప్రకృతిలో గాలికీ పీడనానికీ ఒక పొత్తు ఉన్నది. ఆ కొలతల్లో అది కుదరలేదు. ఆ చిన్న పొరపొచ్చమే లెక్కలో పెనుకెరటమై లేచింది. చాలాకాలానికి ఐర్లండు శాస్త్రజ్ఞుడు పీటర్ లించ్ ఆ కొలతలనే ముందుగా సమన్వయపరచి అదే పద్ధతిలో గణించగా, మార్పు సుమారు ఒక్క మిల్లీబారుగా తేలింది. నేడు ఉపగ్రహాలూ, రాడార్లూ, బెలూన్లూ పంపే కొలతలను కంప్యూటరు అంచనాతో పొందుపరచి, సరిచూచిన పిమ్మటనే మేఘాల, వర్షాల గణన ఆరంభమవుతున్నది.

1920లో వాతావరణశాఖ వైమానిక మంత్రిత్వశాఖ క్రిందికి పోగా, అది సైనికసంబంధమైనదని రిచర్డ్‌సన్ మరల రాజీనామా ఇచ్చాడు. తరువాతి కాలంలో యుద్ధకారణాలను గణితంతో శోధించాడు.

1950లో అమెరికాలో ఎనియాక్ యంత్రం తొలిసారిగా వాతావరణాన్ని గణించింది. ఆ పటాలు తనకు అందగా, ఆయన వాటిని భార్య డొరతీ ముందుంచి, నేటి స్థితే రేపూ ఉండుననుకోవడం మేలో, యంత్రం చెప్పినది మేలో పోల్చి చూడమన్నాడు. యంత్రానిదే కొద్దిగా పైచేయి అని ఆమె తేల్చింది. రిచర్డ్‌సన్ ఆ శాస్త్రజ్ఞులను మనసారా అభినందించాడు. 1953 సెప్టెంబరు 30న స్కాట్లండులోని కిల్‌మన్ గ్రామంలో కన్నుమూశాడు.